స్టాకులోకెక్కిన గీతలు

బదిలీ కాగితం చేతికొచ్చిన రోజున నూకరాజు దాన్ని మూడుసార్లు చదివాడు. మొదటిసారి పేరు తనదేనా అని, రెండోసారి ఊరు పాడేరేనా అని, మూడోసారి ఊరికే. పదకొండేళ్ళుగా ఏటా ఒక అర్జీ పెట్టుకుంటూ వచ్చిన మనిషికి ఆ మాత్రం చదువుకునే హక్కు ఉంది.

అతను రాష్ట్ర గోనెసంచుల ప్రమాణాల శాఖ ప్రాంతీయ కార్యాలయంలో డ్రైవరు. అలాంటి శాఖ ఒకటుందని జనానికి పెద్దగా తెలియదు. గోనెసంచి ఎంత వెడల్పుండాలో, ఎంత ముతకగా ఉండాలో, మూతికి ఎన్ని కుట్లు పడాలో ఆ శాఖ నిర్ణయిస్తుంది. సంచులు కుట్టేవాళ్ళు తమకు తోచినట్టు కుట్టుకుంటారు. ఒకరి జోలికి ఒకరు పోకుండా రోజులు హాయిగా వెళ్ళిపోతున్నాయి.

నూకరాజు భార్య వరహాలు పాడేరు ఆస్పత్రిలో నర్సు. ఆవిడ కొండ మీద, ఇతను కింద మైదానంలో. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళేవాడు, ఆదివారం మళ్ళీ బస్సెక్కి వచ్చేసేవాడు. అదీ ఆఫీసరుగారికి ఆ ఆదివారం ఎక్కడా పెళ్ళి భోజనం లేకపోతేనే. కూతురు తన్మయి వచ్చీరాని మాటల రోజుల్లో అతన్ని 'శనోరం నాన్న' అని పిలిచేది. ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారు. నూకరాజు కూడా నవ్వాడు, బస్సెక్కాక ఏడ్చాడు. ఇప్పుడా పిల్ల తొమ్మిదో తరగతి. ఇంకో రెండేళ్ళు పోతే పైచదువుకని అదీ ఇల్లు దాటుతుంది. ముగ్గురూ ఒక ఇంట్లో కూర్చుని రోజూ అన్నం తినాలంటే మిగిలింది ఆ రెండేళ్ళే.

ఉత్తర్వు అడుగున చిన్న అక్షరాలతో ఒక షరతుంది. పది రోజుల్లోగా పాడేరులో చేరాలి, చేరకపోతే ఉత్తర్వు దానంతటదే రద్దు. అక్కడ చేరాలంటే ఇక్కడ రిలీవ్ కావాలి. రిలీవ్ కావాలంటే ఆఫీసు కారు అప్పగించాలి. తాళం చెవులిచ్చి సంతకం పెట్టించుకోవడం పది నిమిషాల పని అనుకున్నాడు నూకరాజు. అంత సర్వీసున్నా అతనికి ఆఫీసు ఇంకా సరిగ్గా అర్థం కాలేదన్నమాట.

డిప్యూటీ డైరెక్టరు ప్రద్యుమ్నగారు అంతకు వారం ముందే బెంగుళూరులో మూడు రోజుల శిక్షణ ముగించుకుని వచ్చారు. శిక్షణ పేరు 'శూన్యలోప పరిపాలన'. అక్కడ ఆయనకు ఒక బ్యాగు, ఒక పెన్ను, ఒక మాట ఇచ్చి పంపారు. బ్యాగు జిప్పు దారిలోనే ఊడింది. పెన్ను రెండో రోజుకు ఆగిపోయింది. మాట మాత్రం ఆగలేదు. అటెండరు తెచ్చిన టీలో చీమ కనిపించినా, సంతకం గడి దాటినా, ఆయన నోటివెంట ముందు వచ్చేది 'లోపం' అనే.

అప్పగింత పత్రం పట్టుకుని నూకరాజు వెళ్తే ఆయన స్వయంగా పోర్టికోలోకి వచ్చారు. నల్ల కారు. నలుపు మీద ఏదీ దాగదు. బానెట్ మీదికి వంగిన డీడీగారికి తన మొహం కనబడింది, చెంప నుంచి చెవిదాకా ఒక గీతతో సహా.

"ఏమిటిది?" అన్నారాయన చెంప తడుముకుంటూ.

"అది తమరి మొకం మీద కాదండి, బానెట్టు మీదండి. జగ్గంపేట సంతలో గేదె కొమ్ము తగిలిందండి. ఆరేళ్ళైపోయిందండి."

"లోపం!" అన్నారు డీడీగారు, పోయిన ఉంగరం దొరికినంత సంబరంగా. "చూడు నూకరాజూ. లోపమున్న ఉపరితలాన్ని అప్పగించడమంటే లోపాన్ని అప్పగించడమే అవుతుంది. ఈ వాహనం పాలిష్ చేయించబడవలెను. పాలిష్‌కు పూర్వమే ఉపరితల లోపములన్నీ నిర్మూలించబడవలెను. వాహనం శూన్యలోప స్థితిలో ఉన్నదని ధ్రువపత్రం జతపరచిన మీదట నిన్ను రిలీవ్ చేయడం జరుగుతుంది."

నూకరాజుకు ఇది అన్యాయంగా ఏమీ తోచలేదు. పైగా సరదా వేసింది. పదకొండేళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూసుకున్న కారు, వెళ్ళేటప్పుడు పెళ్ళికూతురిలా అప్పగించడం తనకీ ఇష్టమే. నేరుగా బైపాస్ పక్కన రేకుల షెడ్డులో ఉన్న పెయింటింగ్ మేస్త్రీ ఏసుపాదం దగ్గరికి పోనిచ్చాడు.

ఏసుపాదం ముప్పయ్యేళ్ళుగా కార్ల మీద గీతలు తీస్తున్న మనిషి. గీతను కళ్ళతో చూడడు. చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడుక్కుని బానెట్ మీద మెల్లగా రాస్తాడు. వట్టి చేతికి నున్నగా తగిలేది కవరు చేతికి గరుకుగా తగులుతుంది. ఆ తరవాత బొటనవేలి గోటితో ఒక్కో గీతనూ అడ్డంగా గీరి చూస్తాడు. గోరు జారిపోతే పైపైది, ఆగితే లోతుది.

"రెండు రోజుల పని," అన్నాడు ఏసుపాదం. "ముందు శుభ్రంగా కడగాల. కడిగినా పోనియ్యి కొన్నుంటాయి, తారు సుక్కలు, సెట్ల జిగురు, పిట్ట రెట్టల మరకలు. వాటిని మెత్తటి మట్టిముద్దతో లాగెయ్యాల. అప్పుడు బయటపడతాయి అసలు గీతలు. రెండు వేల నంబరు నీటి కాగితంతో తడితడిగా రుద్దాల, దాని మీద అరగదీసే కాంపౌండు ముద్ద. ఇయ్యన్నీ అయ్యాకే పాలిష్. ఇయ్యేవీ తియ్యకుండా పాలిష్ కొట్టేవనుకో, మురిక్కి మెరుపెట్టినట్టుంటాది."

"పోతాయా అన్నీ?"

"గేదె కొమ్ముది కూడా పోద్దోయ్. ఎల్లుండి సాయంత్రం వొచ్చి నీ మొకం సూసుకో."

నూకరాజు ఆ రోజే వరహాలుకు ఫోను చేసి గురువారానికి వచ్చేస్తున్నానని చెప్పాడు. ఆవిడ గురువారానికి చేపలు చెప్పి ఉంచింది.

అయితే కారు షెడ్డుకు పంపే కాగితం సూపరింటెండెంటు వైకుంఠరావుగారి బల్ల మీదుగా పోవాలి. వైకుంఠరావుగారి ముప్పయ్యొక్కేళ్ళ సర్వీసులో ఆయన మీద ఒక్క అభ్యంతరం కూడా లేదు. ఆయన చేతుల మీదుగా ఏదైనా జరిగితే కదా అభ్యంతరం రావడానికి.

"తొలగించడానికి నాకేమీ అభ్యంతరం లేదండీ," అన్నారాయన డీడీగారితో. "కానీ రేపెవరైనా, ఎన్ని తొలగించారూ, ఎక్కడెక్కడివి తొలగించారూ అని అడిగితే? ఉన్నట్టు రికార్డు లేనిదాన్ని పోగొట్టామంటే నమ్మేదెవరండీ?"

డీడీగారు కళ్ళు మూసుకుని రెండు క్షణాలు ఆలోచించి, శిక్షణలో కూడా ఇదే చెప్పారని గుర్తు తెచ్చుకున్నారు. "నిజమే. గుర్తించబడని లోపం నిర్మూలించబడజాలదు."

అలా ముగ్గురు సభ్యులతో గీతల గణన సంఘం ఏర్పడింది. వైకుంఠరావుగారు అధ్యక్షులు. స్టోర్సు గుమాస్తా, టైపిస్టు పద్మావతిగారు సభ్యులు. పట్టపగలు పోర్టికోలో టార్చిలైట్లు పట్టుకుని వాళ్ళు రెండు రోజులు కారు చుట్టూ తిరిగారు. ఒకరు గీతను చూపించడం, ఒకరు స్కేలుతో కొలవడం, ఒకరు రాయడం. ఏదో విమానం కూలిన చోట దర్యాప్తు జరుగుతున్నట్టు జనం గేటు దగ్గర గుంపుగా నిలబడి చూశారు.

ఆ ఆఫీసులో కుర్చీకీ బల్లకీ చెంబుకీ బకెట్టుకీ తెల్ల ఎనామిల్‌తో నంబరు వేసే ఆనవాయితీ ఉంది. నంబరు లేని వస్తువు ఆఫీసుది కాదు. అందుకని ప్రతి గీత పక్కనా సన్నటి బ్రష్షుతో దాని నంబరు వేశారు. కబురు విని పరుగెత్తుకొచ్చిన ఏసుపాదం నెత్తి కొట్టుకున్నాడు.

"అయ్యబాబోయ్, గీత కంటే ఈ అంకె వొదల్దండి! ఇదే పెద్ద మచ్చ కదండి!"

"అంకె మచ్చ కాదు, సమాచారం," అన్నారు వైకుంఠరావుగారు.

మొత్తం రెండువందల పద్నాలుగు తేలాయి. వాటిని రాసుకోవడానికి గీతల రిజిస్టరంటూ ఆఫీసులో లేదు. కొత్త రిజిస్టరు తెప్పించాలంటే నెల పడుతుంది. నూకరాజు తొందరపడుతున్నాడు కదా అని, పాపం మంచికే, వైకుంఠరావుగారు స్టాకు రిజిస్టరు తీయించారు. అందులో గళ్ళు ముందే అచ్చువేసి ఉన్నాయి. వస్తువు పేరు అన్న చోట 'గీత' అని రాశారు. సంఖ్య అన్న చోట 214. స్థితి అన్న చోట స్టోర్సు గుమాస్తా కాసేపు పెన్ను నములుతూ ఆలోచించి, కుర్చీలకు రాసినట్టే 'బాగున్నవి' అని రాశాడు. అడుగున 'పై వస్తువులు మంచి స్థితిలో నా ఆధీనమునందు ఉన్నవి' అన్న అచ్చు వాక్యం కింద నూకరాజు సంతకం చేశాడు. చదవలేదు. అప్పటికి నాలుగో రోజు సాయంత్రమైంది, అతని కళ్ళ ముందు పాడేరు బస్సు తప్ప ఏమీ లేదు.

ఐదో రోజు పొద్దున్నే ఏసుపాదం రెండు బకెట్లు, నీటి కాగితం, కాంపౌండు డబ్బా తెచ్చుకుని పోర్టికోలోనే పనికి దిగాడు. గేదె కొమ్ము గీత మీద కాగితం ఆనించాడో లేదో వైకుంఠరావుగారు మెట్ల మీంచి కేక వేశారు.

"ఆపవయ్యా! ముట్టుకోకు! అది స్టాకు!"

ఏసుపాదం చెయ్యి గాల్లో ఆగిపోయింది. స్టాకులోకి ఎక్కిన వస్తువును ఎవరుపడితే వారు తొలగించడానికి వీల్లేదట. దానికి కండెమ్నేషన్ అని ఒక పద్ధతి ఉంది. వస్తువు పనికిరాకుండా పోయిందని ధ్రువీకరించాలి, పై ఆఫీసు ఒప్పుకోవాలి, అప్పుడు గానీ పారెయ్యకూడదు. పనికిరాకుండా పోయిందనడానికి కనీసం ఐదేళ్ళు వాడుకలో ఉండాలి.

"గీత పనికిరాదండి బాబూ," అన్నాడు నూకరాజు ఏడుపు మొహంతో. "అదెప్పుడు పనికొచ్చిందండి?"

"అలాగని రాసిస్తావా? రిజిస్టరులో 'బాగున్నవి' అని నీ సంతకం ఉంది. ఒక్క రాత్రిలో రెండువందల పద్నాలుగు వస్తువులు పాడైపోయాయంటే నీ మీద కేసు పెట్టాలి."

ఇక చేసేదేముంది, గీతల వయసు తేల్చాలి. అది తెలిసినవాడు ప్రపంచంలో ఒక్కడే. పద్మావతిగారు టైపు మిషను ముందు కూర్చుంటే, నూకరాజు కారు చుట్టూ నడుస్తూ రోజున్నర సేపు చెప్పాడు. పదిహేడు, గేదె కొమ్ము, ఆరేళ్ళు. నలభయ్యొకటి, పాత డీడీగారి అల్లుడు డ్రైవింగ్ నేర్చుకున్న రోజు, ఎనిమిదేళ్ళు. నలభైరెండు నుంచి నలభైతొమ్మిది దాకా కూడా ఆ అల్లుడివే. డెబ్భైమూడు, గోనెసంచుల వారోత్సవాల ఊరేగింపులో జెండా కర్ర, నాలుగేళ్ళు.

ఎనభైఎనిమిది దగ్గర ఆగాడు.

"ఇది మా పాప ఫస్టు కళాసులో సేరిన రోజండి. యూనిఫారం ఏసుకున్న ఫొటో ఫోన్లో పంపిందండి మాయావిడ. రివర్సు తీస్తా తీస్తా అది సూసుకుంటా ఉండిపోయేనండి. గేటుకి రాసేసింది."

పద్మావతిగారు టైపు చెయ్యడం ఆపి అతని వంక చూసింది. వైకుంఠరావుగారు గొంతు సవరించుకున్నారు. "ఫొటోలకు గడి లేదు. సంవత్సరం చెప్పు."

"తొమ్మిదోదండి ఇది."

లెక్క తేలింది. నూటముప్పయ్యొక్క గీతలకు ఐదేళ్ళు నిండాయి. ఎనభైమూడు ఇంకా సర్వీసులో ఉన్నాయి. నిండినవాటికి ప్రతిపాదన పంపితే పై ఆఫీసు నుంచి జవాబు ఆరు నెలల్లో రావచ్చు. మిగిలినవాటిని ముట్టుకోవడానికి లేదు. అప్పటికి ఆరో రోజు గడిచింది, వరహాలు వండిన చేపలు తన్మయి ఒక్కతే తిన్నదట.

అతను డీడీగారి గుమ్మం ముందు నిలబడి చేతులు జోడించాడు. డీడీగారిది రాతి గుండె కాదు. "నీ సమస్య నాకర్థమైంది. పాలిష్‌కు, స్టాకుకు విరోధం లేదు. గీతలకు భంగం వాటిల్లకుండా పాలిష్ చేయబడవచ్చును," అన్నారు. "ముందుగా వాహనం శుభ్రంగా కడిగించు."

కడిగించడమే కొంప ముంచింది. ఏసుపాదం ఎంతైనా పనివాడు. నీళ్ళతో పోని మరకలు కనబడితే చెయ్యి ఊరుకోలేదు. మట్టిముద్దను తడిపి, తలుపుల మీద, డిక్కీ మీద జిగురూ తారూ లాగేశాడు. ఎవరికి పని వచ్చో వాళ్ళు అలాగే చేస్తారు. ఆ సాయంత్రం వైకుంఠరావుగారు లెక్క సరిచూస్తే గీతలు నూటతొంభయ్యొక్కటే ఉన్నాయి. యాభైఏడు అంకె ఉంది, పక్కన గీత లేదు. అరవై అంకె ఉంది, గీత లేదు. అలా ఇరవైమూడు చోట్ల అంకెలు ఒంటరిగా మిగిలాయి.

'మీ ఆధీనమునందలి ఇరవైమూడు గీతలు ఏ పరిస్థితులలో అదృశ్యమైనవో ఇరవైనాలుగు గంటలలోగా వివరించవలెను' అని నూకరాజుకు మెమో వచ్చింది.

ఏసుపాదం ఒంటికాలి మీద లేచాడు. "అయ్యి గీతలే కాదండి! కారు బాదం సెట్టు కింద పెడతన్నారు కదండీ, జిగురు కారి గీతల్లా ఎండింది. మీరు టార్చీలెట్టుకుని జిగురు లెక్కెట్టేరండి!"

"ముగ్గురు సభ్యుల సంఘం గీతలని ధ్రువీకరించింది," అన్నారు వైకుంఠరావుగారు చాలా శాంతంగా. "ఆ తరవాత అది జిగురని తేలితే, తప్పు జిగురుది."

పోయిన వస్తువు పోయినచోట అదే రకం వస్తువు తెచ్చి పెడితే మెమో ఉపసంహరించవచ్చునని నియమం. ఎనిమిదో రోజు ఉదయం నూకరాజు చేతిలో ఒక మేకు, వైకుంఠరావుగారి చేతిలో స్కేలు, కొలతల కాగితం. యాభైఏడు, కుడి వెనుక తలుపు, పదకొండు సెంటీమీటర్లు, స్వల్పంగా ఎడమకు వంపు.

ఆ కారుకు ఎవడైనా వీపు ఆనించి నిలబడితే నూకరాజు ఊరుకునేవాడు కాదు. చొక్కా గుండీ తగిలి గీత పడుతుందని ఆఫీసరుగారి బామ్మర్దిని కూడా పక్కకు జరగమన్నవాడు. ఇప్పుడు తన చేతులతో తను గీస్తున్నాడు. మొదటి గీతకు వంపు కుడివైపుకు పోయింది. ఏసుపాదం చూడలేక మొహం తిప్పుకుని, మళ్ళీ తనే వచ్చి మణికట్టు పట్టుకుని దిద్దబెట్టాడు. పదో గీత దాటేసరికి చెయ్యి తిరిగింది. డీడీగారు వచ్చి చూసి, "నాణ్యమైన పని. కొలతలు తూచా తప్పలేదు," అని మెచ్చుకున్నారు. నూకరాజు మేకు కింద పడేసి నీళ్ళ పంపు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కున్నాడు.

తొమ్మిదో రోజు పాలిష్ జరిగింది. ఏసుపాదం రెండువందల పద్నాలుగు గీతల మీదా సన్నగా కత్తిరించిన టేపు ముక్కలు అతికించి, వాటి మధ్య ఖాళీల్లో మాత్రం పాలిష్ కొట్టాడు. ముప్పయ్యేళ్ళుగా గీతలు పోవడానికి పాలిష్ కొట్టిన చెయ్యి, పోకుండా కొట్టడం అదే మొదటిసారి. టేపులు లాగేశాక కారు అద్దంలా మెరిసింది. ఆ మెరుపులో ప్రతి గీతా, దాని పక్కన అంకే, వీధి అవతలి నుంచి కూడా చదువుకోవచ్చు.

"ఇక సర్టిఫికెట్టెలా ఇస్తారండి?" అని అడిగాడు నూకరాజు.

డీడీగారు చిరునవ్వు నవ్వారు. ఈ ప్రశ్న కోసమే బెంగుళూరు వెళ్ళొచ్చినట్టుంది ఆయన వాలకం. "లోపమంటే ఏమిటి నూకరాజూ? లెక్కలో లేనిది. లెక్కలోకి వచ్చినది లోపం కాదు, ఆస్తి. ఈ వాహనం మీద లెక్కలో లేనిది ఒక్కటైనా ఉన్నదా? లేదు. కావున ఇది శూన్యలోప వాహనం. రేపు ఉదయం ధ్రువపత్రం సభాముఖంగా ఇవ్వబడుతుంది."

నూకరాజుకు ఆ తర్కం బోధపడలేదు గానీ 'ఇవ్వబడుతుంది' అన్న మాట మాత్రం చెవుల్లో తేనె పోసింది.

పదో రోజు. సంచీ సర్దుకుని, చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. సాయంత్రం ఐదింటికి పాడేరులో సంతకం పెట్టాలి. పోర్టికోలో కారు ముందు సిబ్బంది అంతా చేరారు. ఏసుపాదాన్ని కూడా పిలిచారు. డీడీగారు నూకరాజుకు శాలువా కప్పి, ధ్రువపత్రం చదివి, చప్పట్లు అయ్యాక రెండో కాగితం తీశారు.

"అయితే వాహనంతోపాటు రెండువందల పద్నాలుగు వస్తువులు కూడా అప్పగించవలసి ఉన్నది. సదరు వస్తువుల పుట్టుక, వయస్సు, ఉనికి ఒక్క నూకరాజుకే క్షుణ్ణంగా తెలుసు. తెలియని వస్తువులను స్వీకరించజాలనని ఇతని స్థానంలోకి వచ్చిన కొత్త డ్రైవరు లిఖితపూర్వకంగా తెలియజేశాడు. కావున ప్రజాప్రయోజనాల దృష్ట్యా, అన్ని గీతలూ కండెమ్ కాబడే వరకు నూకరాజు బదిలీ నిలిపివేయడమైనది. వీటిలో అతి చిన్న గీతల వయస్సు రెండు రోజులు. అవి ఐదేళ్ళు పూర్తి చేసుకున్న వెంటనే నూకరాజును రిలీవ్ చేయడంలో ఎట్టి జాప్యమూ ఉండదని హామీ ఇస్తున్నాను."

మళ్ళీ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొత్త డ్రైవరు కొట్టాడు.

ఐదేళ్ళకు తన్మయి ఎక్కడుంటుందో నూకరాజు లెక్క కట్టుకున్నాడు. ఏ ఊళ్ళో ఉన్నా ఆ ఇంట్లో ఉండదు. అతనికి కోపం వచ్చింది. సర్వీసు మొత్తం మీద రావలసిన కోపమంతా ఒక్కసారే వచ్చింది. అప్పగించడానికని చేత్తో పట్టుకున్న తాళం చెవిని పిడికిట్లో బిగించి, ముందు లైటు దగ్గర ఆనించి, బానెట్ పక్కగా, రెండు తలుపుల మీదుగా, వెనక లైటుదాకా నడుచుకుంటూ పోయాడు. ఆ చప్పుడుకు పద్మావతిగారు పళ్ళు బిగబట్టుకుంది. ఏసుపాదం వంగి గోటితో చూసి, "దిగిపోతంది. పాలిష్‌కి పోదిది," అన్నాడు తనలో తను.

"ఇదీ రాసుకోండి బాబూ," అన్నాడు నూకరాజు.

"లోపం!" డీడీగారి గొంతు కీచుమంది. వైకుంఠరావుగారు కళ్ళద్దాలు సర్దుకుని గీత పొడవునా నడిచి వచ్చారు. "ఇది స్టాకులో లేదండీ. ఒక సెంటీమీటరు తక్కువ నాలుగు మీటర్లు. అనుమతి లేదు, కొలత ముందుగా నిర్ణయించలేదు." మొన్న ఇరవైమూడు గీసినప్పుడు మెచ్చుకున్న నోళ్ళన్నీ ఇప్పుడు తెరుచుకుని ఉండిపోయాయి.

శిక్ష ఉత్తర్వు ఇరవై నిమిషాల్లో తయారైంది. ఆ ఆఫీసులో అంత త్వరగా ఏ కాగితమూ ఎన్నడూ కదల్లేదు. ప్రభుత్వ వాహనానికి ఉద్దేశపూర్వకంగా నష్టం కలిగించిన డ్రైవరును ఆ వాహనం దరిదాపుల్లో ఒక్క క్షణం కూడా ఉంచరాదు. అప్పగింతలు అవసరం లేదు, నిలబడ్డ చోటి నుంచే రిలీవ్. శిక్ష మీద పంపే చోటు పేరు టైపు చెయ్యబోయి పద్మావతిగారి వేళ్ళు ఆగాయి.

"సార్, ఈయన కావాలని అడిగింది కూడా పాడేరే కదండీ?"

"అది వినతి. ఆ ఫైలు ఇందాకే మూసేశాం," అన్నారు వైకుంఠరావుగారు. "ఇది శిక్ష. వేరే ఫైలు. ఆ ఫైలు చూసి ఈ ఫైలు రాయడం నిబంధనలకు విరుద్ధం. మన శాఖలో శిక్ష బదిలీలకు కేటాయించింది ఆ ఒక్క ఊరే. అందుకే కదా అక్కడి పోస్టులు అడిగినవాళ్ళకు ఇవ్వకుండా జాగ్రత్తగా దాచుకుంటూ వస్తున్నాం. ఈ మధ్య ఎవరో పొరపాటున ఒకటి ఇచ్చేశారు, దేవుడి దయవల్ల ఆగింది."

పదకొండు అర్జీలు ఏ సొరుగులో నలిగాయో, ఎందుకు నలిగాయో నూకరాజుకు అప్పుడు తెలిసింది. తల వంచుకున్నాడు, మొహం కనబడకుండా.

"కనీసం మూడేళ్ళు అక్కడి నుంచి కదపబడవు," అన్నారు డీడీగారు శాలువా వెనక్కి లాక్కుంటూ. అదీ స్టాకులోదే. "భార్యాబిడ్డల కారణాలు చూపి అర్జీలు పెట్టినా పరిగణించబడవు."

డీడీగారు లోపలికి వెళ్ళాక వైకుంఠరావుగారికి జాలి కలిగింది. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "ఏదో ఆవేశంలో చేశావు. కాళ్ళ మీద పడి క్షమాపణ రాసివ్వు, రద్దు చేయిస్తాను."

"వద్దండి బాబూ!" నూకరాజు సంచీ గుండెలకు హత్తుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. "తప్పు సేసేనండి. అనుభవించాలండి. తమరు కలగజేసుకోకండి, మీకు పున్నెముంటాది!"

ఏసుపాదం స్కూటరు మీద బస్టాండులో దింపాడు. దారిలో ఇద్దరూ రెండుసార్లు స్కూటరు ఆపుకుని నవ్వుకున్నారు. బస్సు కదిలాక నూకరాజు వరహాలుకు ఫోను చేశాడు.

"వొదిలేరా?" అంది ఆవిడ. పది రోజుల్లో పదోసారి అడగడం.

"వొదిలేరు. వొచ్చేస్తన్నాను. శిక్ష మీద."

"శిచ్చేటి? ఏటి సేసేవయ్యా?"

నూకరాజు జరిగింది జరిగినట్టు చెప్పాడు. అవతల ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

"పదకొండేళ్ళు అర్జీలెట్టుకుంటా కూకున్నావు," అంది వరహాలు. "ఆ గీతేదో సేరిన్నాడే గీసెయ్యకపోయేవా!"